ఎండలు ముదరకముందే ప్రార్థనా మందిరాలు తీసుకోవలసిన జాగ్రత్తలు

2024 జూన్‌లో హజ్ యాత్ర సాగుతున్న రోజుల్లో మక్కాలోని మస్జిదుల్ హరామ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఆ యాత్రలో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది అనుమతి పత్రాలు లేకుండా వచ్చి, నీడా విశ్రాంతీ లేకుండా ఎండలో చాలా దూరం నడిచినవారేనని కూడా తెలిపింది. అందరిదీ ఒకే దారి, అందరి మీదా ఒకే ఎండ. కానీ చల్లని గుడారంలో అడుగు పెట్టే అవకాశం మాత్రం అందరికీ లేదు.

అందుకే ఏ మతానికి చెందిన సమాజమైనా ఎండాకాలానికి సిద్ధమయ్యేటప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మన చుట్టూ నీడ, నీరు, గాలి ఎవరికి అందడం లేదు? చెట్లు నాటడం, నీటిని పొదుపు చేయడం వంటి పనులను ఈ ప్రశ్న నుంచి విడదీస్తే అవి మన ఆవరణకు అందాన్ని మాత్రమే ఇస్తాయి. ఎండలు మొదలవడానికి కనీసం రెండు నెలల ముందే ఈ పని చేపట్టాలి, ఎందుకంటే మొదటి వడగాలి వీచిన రోజున జాబితాలు రాసుకునే తీరిక ఎవరికీ ఉండదు.

ముందుగా పేర్లు రాసుకోవాలి. 2021 వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వేడికి 619 మంది మరణించగా, వారిలో 98 శాతం మంది ఇంటి లోపలే ప్రాణాలు విడిచారు. మూడింట రెండు వంతుల మంది డెబ్బై ఏళ్లు, ఆపైబడినవారు. సగానికి పైగా ఒంటరిగా జీవిస్తున్నవారు. అంటే ప్రమాదం ఎక్కువగా మూసిన తలుపుల వెనుక ఉంది, బయట తిరిగేవారి కంటికి అది ఆనదు. ఒంటరి వృద్ధులు, రేకుల కప్పు కింద నివసించేవారు, పై అంతస్తు గదుల్లో అద్దెకు ఉండేవారు, గర్భిణులు, పసిపిల్లలు, గుండె జబ్బుకో మానసిక అనారోగ్యానికో మందులు వాడుతున్నవారు, నిలువ నీడ లేనివారు, పనికోసం వలస వచ్చినవారు ఈ జాబితాలో ఉండాలి. వారు మన విశ్వాసానికి చెందినవారా కాదా అన్నది ఇక్కడ చూడకూడదు. ప్రతి పేరుకూ ఇద్దరు బాధ్యులను నియమించి, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి స్వయంగా వెళ్లి చూసి రావాలని నిర్ణయించుకోవాలి. ఫోనులో "బాగానే ఉన్నాను" అనే గొంతు వెనుక గది ఎంత వేడిగా ఉందో తెలియదు కాబట్టి వెళ్లి చూడటమే సరైన పద్ధతి. జాబితాలో చేర్చే ముందు ఆ మనిషి అనుమతి తీసుకోవాలి, ఆ వివరాలను వేరే ఏ అవసరానికీ, ముఖ్యంగా చందాలకూ మత ప్రచారానికీ వాడకూడదు.

మందిరపు హాలును వేడినుంచి తలదాచుకునే చోటుగా మార్చాలనుకుంటే, మధ్యాహ్నం తెరిచి సాయంత్రం ఆరాధన ముగియగానే మూసేస్తే ప్రయోజనం సగమే. శరీరం పగటి వేడిని తట్టుకోవాలంటే రాత్రి చల్లబడే అవకాశం దానికి దొరకాలి, అందువల్ల రాత్రిళ్లు కూడా ఉక్కపోత తగ్గని రోజుల్లో తలుపులు తెల్లవార్లూ తెరిచి ఉంచాలి. లోపలికి వచ్చేవారిని గుర్తింపు కార్డు అడగకూడదు, ప్రసంగం వినమని కూర్చోబెట్టకూడదు. స్త్రీలకు విడిగా పడుకునే చోటు, అందరికీ మరుగుదొడ్డి, చక్రాల కుర్చీ ఎక్కగల వాలు దారి ముందే సరిచూసుకోవాలి. ఫ్యాన్ల మీదే ఆధారపడటం ప్రమాదకరం. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను వేడిగాలినే ఒంటి మీదికి తోస్తుంది. అటువంటప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, కాళ్లూ చేతులూ చల్లని నీటిలో ఉంచడం మేలు చేస్తాయి. కప్పుకు తెల్లని పూత వేయడం, పడమటి కిటికీలకు బయటివైపు తెరలు కట్టడం ఎండలు రాకముందే పూర్తిచేస్తే హాలు చాలావరకు దానంతటదే చల్లగా ఉంటుంది, విద్యుత్తు కూడా మిగులుతుంది. ఏసీ పెట్టక తప్పనప్పుడు దాని వేడిగాలి ఏ ఇంటి కిటికీ వైపు వెళుతోందో చూడాలి, ఎందుకంటే మన హాలును చల్లబరచడానికి పక్కవాడి గదిని కొలిమి చేయడం ఏ ధర్మమూ ఒప్పుకోదు. కరెంటు పోయినప్పుడు వాడే జనరేటరును గోడలకూ కిటికీలకూ దూరంగా ఆరుబయటే నడపాలి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

నీటి విషయంలో ఒక్క మాట. పంచే నీరు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవాలి, మన బోరు వల్ల చుట్టుపక్కల బావులు ఎండిపోతుంటే ఆ దానానికి అర్థం లేదు. వాడి పారేసే సీసాల బదులు కడిగి వాడుకునే గ్లాసులు ఉంచాలి.

ఇక చాలా సమాజాలు మరచిపోయేది తమ ఆవరణలోనే పనిచేసేవారిని. మందిరం ఊడ్చేవారు, కావలి కాసేవారు, వంట పొయ్యి దగ్గర నిలబడేవారు, కొత్త గోడ కడుతున్న కూలీలు మన సేవలో ఉండగా సొమ్మసిల్లితే, ఊరంతటికీ మనం చెప్పే జాగ్రత్తలకు విలువేముంటుంది? ఎండలో పనిచేసేవారికి ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీరు అందాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. వేడికి అలవాటు పడటానికి శరీరానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కొత్తగా చేరినవారికి మొదటి రోజు మామూలు సమయంలో ఐదో వంతు మాత్రమే ఎండలో పని ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచుతూ పోవాలి, ఎందుకంటే ఎండలో పనిచేసేవారి వడదెబ్బ మరణాల్లో ఎక్కువ భాగం పనిలో చేరిన మొదటి రోజుల్లోనే జరుగుతుంటాయి. మధ్యాహ్నం పని ఆపినందుకు కూలి కోయకూడదు. కూలి పోతుందన్న భయం ఉన్నంతవరకు ఎవరూ నీడలో కూర్చోరు. ఈ నియమాన్ని గుత్తేదారుకు నోటిమాటగా వదిలేయక, ఒప్పందంలోనే రాయించాలి. ఖర్చు పెరుగుతుందని కమిటీలో అభ్యంతరం వస్తే, అలంకరణకు కేటాయించిన సొమ్మునుంచి తీసుకోవడం నా దృష్టిలో సరైన మార్గం.

ఊరేగింపులు, పాదయాత్రలు, బహిరంగ ప్రార్థనలు తెల్లవారుజామునకో సూర్యాస్తమయం తరువాతకో మార్చుకోవాలి. చెప్పులు విడిచి నడిచే చోట నేల మీద చాపలు పరచాలి. ఉపవాసాల విషయంలో పెద్దలు ముందుగానే నోరు విప్పడం అవసరం. ప్రాణాన్ని కాపాడటం దాదాపు ఏ నియమం కన్నా ముఖ్యమని యూదు ధర్మశాస్త్రం చెబుతుంది, రోగులూ ప్రయాణికులూ రంజాన్ ఉపవాసాలను వేరే రోజుల్లో పూర్తిచేసుకోవచ్చని ఖురాన్ అనుమతిస్తుంది. ఈ సడలింపులు ఉన్నాయని తెలిసినా, అడిగితే భక్తి తక్కువనుకుంటారేమోనని వృద్ధులూ గర్భిణులూ మౌనంగా భరిస్తుంటారు. కాబట్టి పెద్దలే అందరి ఎదుటా పలుమార్లు ప్రకటిస్తే వారికి అడగవలసిన అవసరం రాదు.

వడదెబ్బ గుర్తులు వాలంటీర్లందరికీ నోటికి వచ్చి ఉండాలి. మాట తడబడటం, అయోమయం, మూర్ఛ, ఒళ్లు కాలిపోవడం, శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం కనిపిస్తే అది అత్యవసర స్థితి. చెమట పడుతోంది కదా అని ధీమా పడరాదు, శ్రమ చేస్తూ పడిపోయినవారికి చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు. అంబులెన్సును పిలిచి, అది వచ్చేలోగా నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లని నీటితో తడిపి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయకూడదు. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఈ ఏటి ప్రాణాలను కాపాడటానికి. వచ్చే ఏటికోసం చేయవలసింది మరొకటి ఉంది. తలుపు తట్టి చూసి వచ్చిన వాలంటీర్లు ఏ వీధిలో చెట్టు లేదు, ఏ వాడకు నీరు రాలేదు, ఏ కర్మాగారం పొగ వల్ల కిటికీలు తెరవలేకపోయారు అన్నది తేదీలతో సహా రాసి ఉంచాలి. 1982లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రం వారెన్ కౌంటీలో, నల్లజాతివారు ఎక్కువగా నివసించే ప్రాంతంలో విషపదార్థాలతో నిండిన మట్టిని పూడ్చడానికి వ్యతిరేకంగా చర్చిలు ముందు నిలవగా, ఐదు వందల మందికి పైగా అరెస్టయ్యారు. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే అక్కడి క్రైస్తవ శాఖ దేశమంతా పరిశీలించి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఎక్కడ వెలుస్తున్నాయో నిర్ణయించడంలో జాతే అన్నిటికన్నా బలమైన అంశంగా కనిపిస్తోందని లెక్కలతో ప్రకటించింది. ఒక మత సమాజం ఓపికగా సేకరించిన లెక్కలకు అంతటి బలం ఉంటుంది.

అయితే ఈ దారిలో కూడా జాగ్రత్తలు అవసరం. నష్టపోయినవారి తరఫున మనమే మాట్లాడేయక, అధికారుల ముందు వారినే కూర్చోబెట్టి పక్కన నిలబడాలి. గాలినీ నీటినీ పాడుచేస్తున్న సంస్థల విరాళాలను మొదటే తిరస్కరించాలి. పచ్చదనం పేరిట చెరువు గట్టున గుడిసెలు తొలగించే పథకానికి మన పేరు వాడుకోనివ్వరాదు. నాటే మొక్కలు ఆ నేలకు చెందినవై ఉండాలి, మొదటి రెండు మూడేళ్లు వాటికి నీరు పోసే మనిషి ఎవరో నాటే రోజే నిర్ణయించాలి.

ఎండలు తగ్గిన మొదటి వారంలో జాబితాలోని వారందరినీ, పనివారినీ కూర్చోబెట్టి ఏ రాత్రి ఎవరి తలుపు తట్టలేకపోయామో అడిగి, ఆ పేర్లను వచ్చే ఏటి జాబితాలో అన్నిటికన్నా పైన రాసుకోవాలి.