బిట్స్‌లో కరెక్ట్, ఎస్సేలో తప్పు: ఈజ్, ఆర్ ఎందుకు తారుమారవుతాయి?

సమస్య: గ్రామర్ బిట్స్‌లో ఈజ్, ఆర్, హాజ్, హావ్ అన్నీ కరెక్టే. ఎస్సే రాయమంటే మాత్రం పేరా పేరాకూ ఎర్ర గీతలు.

ముందు చూడాల్సినవి: హి, షి, ఇట్ తర్వాత వర్తమానంలో క్రియకు ఎస్ పెట్టారా? డిడ్, డస్ తర్వాత క్రియను మామూలు రూపంలోనే ఉంచారా? "హి డిడ్ వెంట్" డిగ్రీ పేపర్లలో కూడా కనిపిస్తుంది. పేపర్ ఇచ్చేముందు ఒక్కసారి చూసుకుంటే పోయేదానికి కొత్త గ్రామర్ పుస్తకం కోసం ఒంగోలు బస్సెక్కుతారు, అదేంటో!

ఇవి సరిగ్గా ఉన్నా తప్పులు ఆగలేదంటే కారణం వేరే ఉంది. నెల్లూరు వైపు పిల్లలు రొయ్యల చెరువుల గురించి రాస్తే ఈ వాక్యం తప్పకుండా పడుతుంది: "ద ప్రైస్ ఆఫ్ ప్రాన్స్ హావ్ ఫాలెన్." రాసినవాడికి రూల్ రాక కాదు. ప్రైస్ ఏకవచనమా అని అడిగితే టక్కున అవునంటాడు. కానీ తెలుగులో మనం "రొయ్యల ధర పడిపోయింది" అంటాం. కర్త అయిన ధర క్రియను ఆనుకునే ఉంటుంది, రొయ్యలు దానికి ముందుంటాయి. ఇంగ్లీషులో ఈ వరస తిరగబడుతుంది. ప్రైస్ ముందుకు పోయి, ప్రాన్స్ క్రియ పక్కకు చేరుతుంది. బహువచనం కనబడగానే చెయ్యి హావ్ రాసేస్తుంది. ఇంగ్లీషే సొంత భాష అయినవాళ్లూ ఇలా జారతారు, మనకు పాత అలవాటు కూడా తోడవుతుంది.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది: "ద గేట్స్ ఆఫ్ సోమశిల డ్యామ్ ఈజ్ ఓపెన్." డ్యామ్ ఒక్కటే, గేట్లు చాలా. ఆర్ రావాలి.

ఇంకో తిరకాసు, భూతకాలంలో ఈ తప్పు దాదాపు బయటపడదు. వెంట్, ఫెల్ ఎవరికైనా ఒకటే. వాజ్, వర్ దగ్గరే దొరికిపోతారు. అందుకే సెలవుల గురించి రాసిన ఎస్సే శుభ్రంగా ఉంటుంది, "మా ఊరు" మాత్రం గీతలతో నిండిపోతుంది.

పరిష్కారం: పెన్సిల్‌తో క్రియ కింద గీత పెట్టండి. ఆఫ్, ఇన్, ఫ్రమ్, విత్ దగ్గర మొదలుపెట్టి క్రియ దాకా ఉన్నదంతా కొట్టేయండి. మిగిలింది పైకి చదవండి. "ద ప్రైస్ హావ్ ఫాలెన్" అనగానే ఎక్కడో తేడాగా ఉందని మీకే తెలుస్తుంది, హాజ్ అని దిద్దుకుంటారు. మనసులో చదివితే పని జరగదు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్ ఇన్ కావలి" కూడా ఈ బాపతే. లివ్స్ అనాలి. ఆ కంగారులో ఫ్రెండ్స్‌లో ఎస్ పీకేయకండి.

ఎ లాట్ ఆఫ్, ఎ నంబర్ ఆఫ్ వస్తే మాత్రం కొట్టేయొద్దు, అక్కడ వెనకున్న పదమే లెక్క: "ఎ లాట్ ఆఫ్ టూరిస్ట్స్ కమ్ టు మైపాడు." ద నంబర్ ఆఫ్ అయితే మామూలుగానే కొట్టేయండి.

నైదర్-నార్, టీమ్, కమిటీ లాంటివి పేపర్ సెట్ చేసేవాళ్లకే గుర్తొస్తాయి. మీ ఎస్సేలో తగిలితే వాక్యం మార్చి రాసేయండి.