అణుపరీక్షల్లో పనిచేసిన అమెరికా సైనికుడి భార్య భృతికి దరఖాస్తు ఎలా చేయాలి
నెవాడాలోనో బికినీ దీవిలోనో అణుపరీక్షల్లో పాల్గొన్న భర్త థైరాయిడ్ లాంటి, వెటరన్స్ శాఖ (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ) జాబితాలో ఉన్న క్యాన్సర్‌తో పోతే, ఆ శాఖ దగ్గర రేడియేషన్ మోతాదు నిరూపించనక్కర్లేదు.

ముందు సర్వీసు కాగితాలకు ఎస్‌ఎఫ్-180 ఫారం పంపండి. సైనికుల రికార్డులు దాచే సెయింట్ లూయిస్ కేంద్రంలో 1973లో జరిగిన అగ్నిప్రమాదంలో, 1960కి ముందు సర్వీసు నుంచి విడుదలైన ఆర్మీవాళ్ల ఫైళ్లు దాదాపు 80 శాతం పోయాయి. ‘రికార్డు లేదు’ అన్నారని వదిలేయకండి. ఆఖరి జీతం వోచరు, యూనిట్ రోజువారీ నివేదికలు అడగండి. అంచులు కాలి నల్లబడ్డ కాగితం నకలైనా పనికొస్తుంది.

అసలు చిక్కు మరణ ధ్రువపత్రం దగ్గర. అందులో ‘న్యుమోనియా’ అని మాత్రమే ఉంటే, దానికి మూలమైన క్యాన్సర్‌ను చేర్చమని వైద్యం చేసిన డాక్టర్ని అడిగి సవరణ చేయించండి. పెళ్లి పత్రం కూడా జతచేసి, భృతి దరఖాస్తు అయిన 21పి-534ఈజెడ్ ఫారం పంపండి.

పరీక్షల గురించి ఎవరికీ చెప్పబోమని సైనికులు చేసిన రహస్య ప్రమాణం అడ్డు 1996లోనే తొలగింది. ఆ సంగతి తెలియక నోరు విప్పకుండానే పోయినవాళ్లున్నారు. మీ భర్త ఇంకా బతికుంటే ఇవాళే కూర్చోబెట్టి ఏ రోజు, ఎక్కడ, పేలుడుకు ఎంత దూరంలో ఉన్నారో రాయించి సంతకం తీసుకోండి.