'హాలోవీన్' 4కె డిస్కును ఇంట్లో ఎలా చూడాలి?

1978లో జాన్ కార్పెంటర్ తీసిన హారర్ సినిమా 'హాలోవీన్'లో నెత్తురు చాలా తక్కువ. భయమంతా ఫ్రేము అంచుల్లో, చీకట్లో దాగి ఉంటుంది. మన టీవీలు ముందు పాడుచేసేది ఆ రెండింటినే. అందుకే మంచి డిస్కు కొంటే సరిపోదు, టీవీని కూడా దారికి తెచ్చుకోవాలి.

ముందు డిస్కు సంగతి. అమెరికాలో స్క్రీమ్ ఫ్యాక్టరీ అనే డిస్కుల సంస్థ 2021లో తెచ్చిన 4కె (మామూలు బ్లూరే కంటే స్పష్టమైన) సెట్ తీసుకోండి. ఒరిజినల్ కెమెరా నెగటివ్‌ను (షూటింగ్‌లో కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మును) కొత్తగా స్కాన్ చేసి, ఛాయాగ్రాహకుడు డీన్ కండీ ఆమోదంతో తెచ్చిన ప్రతి ఇది. 4కె డిస్కులకు రీజియన్ లాక్ (ఒక ప్రాంతపు ప్లేయర్లలోనే ఆడాలన్న కట్టడి) ఉండదు కాబట్టి హైదరాబాద్‌లోనైనా, డాలస్‌లోనైనా ఆడుతుంది. అదే సెట్‌లోని బ్లూరే మాత్రం అమెరికా రీజియన్‌ది, మన ప్లేయర్లలో ఆడకపోవచ్చు. మామూలు బ్లూరే ప్లేయర్ 4కె డిస్కును చదవలేదు. 4కె ప్లేయర్ లేకపోయినా, డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 గానీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ, ఈ గేమ్ కన్సోళ్లలో ఒకటి ఉంటే చాలు.

తర్వాత టీవీలో పిక్చర్ సైజు చూడండి. సినిమా 2.35:1 నిష్పత్తిలో తీశారు కనుక పైన, కింద నల్ల పట్టీలు వస్తాయి. వాటిని ఉండనివ్వండి. తెర నిండాలని జూమ్ చేస్తే వెడల్పులో దాదాపు నాలుగో వంతు పోతుంది. పట్టపగలు పొదపక్కన, కిటికీ అవతల, బట్టలు ఆరేసిన తీగల మధ్య హంతకుడు మైకేల్ మౌనంగా నిలబడే సినిమా ఇది. పక్కలు కోసేస్తే సినిమానే కోసేసినట్టు!

పిక్చర్ మోడ్‌లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి, లేకపోతే సినిమా మోడ్. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసేది), నాయిస్ రిడక్షన్ (రేణువుల్ని తుడిచేది) పూర్తిగా ఆపేయండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. తెరమీద సన్నగా కదిలే రేణువులు మురికి కాదు, అది ఫిల్మ్ గ్రెయిన్. దాన్ని తుడిచేస్తే నాయిక లారీగా నటించిన జేమీ లీ కర్టిస్ ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది.

రంగుల్ని సరిచేయాలని మాత్రం చూడకండి. కథ ఇల్లినాయ్‌లో అక్టోబరు నెలలో జరుగుతుంది, షూటింగ్ కాలిఫోర్నియాలో వసంతకాలంలో జరిగింది. ఎండుటాకులకు రంగులేసి, వీధిలో చల్లి, మళ్లీ ఏరుకుని వాడారు. అందుకే చెట్లు పచ్చగా ఉంటాయి, అక్కడక్కడ పామ్ చెట్లూ కనిపిస్తాయి. రాత్రి దృశ్యాల్లోని నీలం వెలుగు కండీ కావాలని పెట్టిందే.

ఇక అన్నిటికంటే ముఖ్యం, నలుపు. గదిలో లైట్లన్నీ ఆర్పి, తెరమీద ఏ ప్రతిబింబమూ పడకుండా చూసుకోండి. సినిమా ఇంతకుముందు చూసినవాళ్లు చివరి భాగంలో ఒక షాట్‌తో బ్రైట్‌నెస్ పరీక్షించవచ్చు. (మొదటిసారి చూసేవాళ్లు ఈ పేరా ఇక్కడే వదిలేయండి.) లారీ ఏడుస్తూ చీకటి గుమ్మం పక్కన ఆనుకుని ఉంటుంది. ఆ చీకట్లోంచి మైకేల్ తెల్ల ముసుగు మెల్లమెల్లగా బయటపడుతుంది. కండీ దానిమీద చిన్న దీపం పెట్టి, వెలుగును కొద్దికొద్దిగా పెంచాడు. ముసుగు మొదటి క్షణం నుంచే కనిపిస్తోందంటే బ్రైట్‌నెస్ ఎక్కువైంది. చీకట్లోంచి ఒక్కసారిగా ఊడిపడినట్టుంటే తక్కువైంది. నిదానంగా తేలాలి, అలా తేలినప్పుడు బ్రైట్‌నెస్ మార్చడం ఆపండి.

ఆడియో మెనూలో ఒరిజినల్ మోనో ట్రాక్ (ఒకే ఛానల్ ధ్వని) ఎంచుకోమని నా సలహా. అట్మాస్ మిక్స్ (చుట్టూ, పైనుంచీ వినిపించే ధ్వని) గదంతా నింపుతుంది, కానీ కార్పెంటర్ స్వయంగా కట్టిన ఆ 5/4 (ఐదు దెబ్బల) తాళపు పియానో ముందునుంచి సూటిగా వచ్చినప్పుడే గుండెను పట్టుకుంటుంది. మాటలు స్పష్టంగా వినిపించే దగ్గర వాల్యూమ్ పెట్టి, మధ్యలో రిమోట్ ముట్టుకోకండి.

నిడివి 91 నిమిషాలే, ఒకే విడతలో చూసేయండి. టీవీ వెర్షన్ దొరికినా మొదటిసారికి వద్దు. అందులోని అదనపు దృశ్యాలు అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ ప్రసారం కోసం, 'హాలోవీన్' రెండో భాగం షూటింగ్ జరుగుతున్నప్పుడు తీసి కలిపినవి.