చలి ఊళ్లో పిండి పులియాలంటే – ఇంటి టిఫిన్లు, 5వ పాఠం

పోయిన పాఠంలో అటుకుల ఉప్మా చేశాం, అది పది నిమిషాల్లో అయిపోయే వంట. ఈసారిది ముందురోజు మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది. భయపడకండి, మన చేతికి పని పడేది అరగంటే, మిగతాదంతా పిండి తనంతట తాను చేసుకుంటుంది. దానికి ఆ వీలు కల్పించడమే ఈ పాఠం. ఇది చేతికొచ్చిందంటే దిబ్బరొట్టె, ఇడ్లీ, అట్టు, పునుగులు, నాలుగూ వచ్చినట్టే.

పర్లాకిమిడి నుంచి ఒడిశాలో కోరాపుట్ కొండల మీదున్న సునాబెడ కాపురానికొచ్చిన మొదటి డిసెంబరు నాకింకా గుర్తుంది. అక్కడ రాత్రి రుబ్బి మూత పెడితే తెల్లారేసరికి పిండి గిన్నె అంచు దాకా వచ్చేసేది. ఇక్కడ అదే కొలత, అదే గిన్నె, పొద్దున్నే మూత తీస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇంట్లో చుట్టాలున్నారు, టెన్షన్‌లో చిటికెడు సోడా ఎక్కువే వేసి ఇడ్లీ పెట్టాను. పొంగడం పొంగాయి గానీ పసుపుపచ్చగా తిరిగి, నోట్లో పెడితే సబ్బు రుచి. మా అత్తయ్య ఏమీ అనకుండా ఒకటి తిని చేయి కడుక్కున్నారు, ఆ రోజంతా నాకు బాధగానే ఉంది. పక్కింటి ఒడియా మావుసి (అంటే పిన్ని) మాత్రం అదే చలిలో వారానికి రెండుసార్లు మెత్తటి చకుళి వేసేది. చకుళి అంటే మన అట్టుకి అక్కచెల్లెలే, అదీ బియ్యం, మినప్పప్పే. ఎలాగని అడిగితే పొయ్యి పక్కన పాత దుప్పట్లో చుట్టి పెట్టిన డేకిసా తీసి చూపించింది. చెయ్యి పెట్టి చూశాను, లోపల పిండి గోరువెచ్చగా ఉంది.

సంగతి ఇది. మినప్పప్పు మీద కంటికి కనిపించని బ్యాక్టీరియా ఉంటుంది, లూకోనోస్టాక్ అంటారు. నానబెట్టి రుబ్బాక అది పిండిలో ఉన్న చక్కెరల్ని తిని గాలి బుడగల్ని వదులుతుంది, మినప్పిండి జిగురు ఆ బుడగల్ని పట్టి ఉంచుతుంది, అందుకే పొంగుతుంది. దానికి 28, 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. మాకు దగ్గర్లోనే ఉన్న దేవమాలి కొండ 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తయింది. ఇలాంటి కొండ ప్రాంతంలో చలికాలం రాత్రి పది డిగ్రీల కిందికి దిగడం మామూలే, అలాంటప్పుడు వంటింటి గట్టు మీద వదిలేసిన పిండి పులవమంటే ఎలా పులుస్తుంది? తప్పు మీ చేతిది కాదు, కొలతది కూడా కాదు.

నలుగురికి ఒక గ్లాసు మినపగుళ్లు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, అర చెంచా మెంతులు. ఈ ప్రాంతం కొట్లలో మినపని బిరి అంటారు, పొట్టు తీసిందని విడిగా చెప్పి అడగండి. పప్పు పాతదైతే ఎంత రుబ్బినా నురగ రాదు, అందుకని నేను ఎక్కువ కొని పెట్టుకోను. పప్పు, మెంతులు కలిపి నాలుగైదు గంటలు, రవ్వ విడిగా రెండు గంటలు నాననివ్వండి. మినప్పప్పు నానిన నీళ్లే కొంచెం కొంచెం పోస్తూ రుబ్బాలి, పారబోయకండి. గ్రైండరైతే మంచిది, మిక్సీ అయితే జారు వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పండి. ఎప్పుడు ఆపాలో గ్లాసుడు నీళ్లు చెబుతాయి: గోలీ అంత పిండి అందులో వేస్తే మునగకుండా తేలాలి. మునిగితే ఇంకో రెండు నిమిషాలు. తర్వాత నానిన రవ్వలో నీళ్లు గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో వేసి, చేత్తోనే, గరిటెతో కాదు, అడుగు నుంచి పైకి తెస్తూ బాగా కలపండి. ఉప్పు నేను తెల్లారే వేస్తాను.

ఇప్పుడు అసలు పని. పిండి గిన్నెలో సగం ఖాళీ ఉండాలి. దానికంటే పెద్ద గిన్నెలో, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లు రెండు మూడు అంగుళాలు పోసి, పిండి గిన్నె అందులో దించి మూత పెట్టండి. నీళ్లు మరీ కాగి ఉంటే అడుగున పిండి ఉడికి ముద్దకడుతుంది, నాకు ఒకసారి అలాగే అయింది. పైన పాత రగ్గు చుట్టి గాలి తగలని మూల పెట్టండి. పడుకోబోయే ముందు నీళ్లు ఒకసారి మార్చితే చాలు. వేసవిలో ఎనిమిది గంటలు, ఈ చలిలో పధ్నాలుగు నుంచి పదహారు. అందుకే సాయంత్రం నాలుగింటికల్లా రుబ్బేయాలి, రాత్రి పదింటికి రుబ్బి పొద్దున ఏడింటికి ఇడ్లీ అంటే ఇక్కడ కుదరదు.

తెల్లారి గడియారం కాదు, పిండిని చూడండి. పైన చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి. గరిటె అంచుతో ఒక పక్కకి తీస్తే లోపల తేనెపట్టులా ఉంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటే బుడగలు చిట్లుతున్న సన్నటి చప్పుడు కూడా వినిపిస్తుంది. వాసన చూస్తే పుల్ల మజ్జిగ గుర్తు రావాలి. అలా లేకపోతే ఇంకో రెండు గంటలు ఆగండి, ఆ పూట ఉప్మా చేసుకోండి, సోడా జోలికి మాత్రం పోకండి.

మొదటి రోజు పిండితో దిబ్బరొట్టె. ఉప్పు, జీలకర్ర వేసి నెమ్మదిగా కలిపి, మందపాటి ఇనప మూకుట్లో మూడు చెంచాల నూనె కాగాక రెండు వేళ్ల మందాన పోసి మూత పెట్టి, సన్నటి సెగ మీద పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయండి. మధ్యలో మూత తీసి చూడొద్దు. అంచు ఎర్రగా మారి మూకుడుని వదులుతున్నప్పుడు తిరగేసి ఇంకో ఐదారు నిమిషాలు. మాకు సెలవు రోజున ఇందులోకి ఘుగుని, అంటే రాత్రే నానేసిన ఎండు బటానీ ఉడికించి ఉల్లి, అల్లం, టమాటాతో చేసే కూర. పిల్లలైతే బెల్లం ముక్కే అడుగుతారు.

మిగిలిన పిండి ఫ్రిజ్‌లో పెట్టి రెండో రోజు చోడి, అంటే రాగి, అట్లు వేయండి. రెండు గ్లాసుల పిండిలో గ్లాసు చోడి పిండి, తగినన్ని నీళ్లు, అరగంట ఆగాలి. కుందులి సంతలో చోడిని మాండియా అంటారు, 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక వీటి గురించి పట్నాల్లోనూ మాట వినిపిస్తోంది గానీ, ఈ కొండల్లో ఇది ఎప్పటి నుంచో రోజూ తినే తిండి. గోధుమకున్న సాగుడు చోడికి లేదు, పల్చగా తిప్పితే చిరుగుతుంది, కాస్త మందంగానే వేసి మూత పెట్టండి. మూడో రోజుకి పిండి బాగా పుల్లబడుతుంది, అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి పునుగులు వేసేయండి.

ఈ వారం మీ పని: రుబ్బిన పిండిని రెండు గిన్నెల్లోకి తీసి, ఒకటి గట్టు మీద, ఒకటి రగ్గులో పెట్టి, పొద్దున రెండింటి మూతలూ ఒకేసారి తీసి చూడండి. వచ్చే పాఠం అల్లం పచ్చడి, పావుకిలో అల్లం, కొత్త చింతపండు, బెల్లం తెచ్చి ఉంచుకోండి.