లోన్ యాప్ దగ్గరున్న మీ డేటా తీసేయించడం ఎలా?

యాప్‌ని ఫోన్లోంచి తీసేస్తే మీ డేటా పోదు. ఈ మాట ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే పని చేసి వస్తారు. మీ పాన్, సెల్ఫీ, జీతం వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ ఉన్నది వాళ్ల సర్వర్లో. యాప్ తీసేస్తే పోయేది మీ దగ్గరున్న ఆధారాలే: కస్టమర్ ఐడీ, లోన్ ఖాతా నంబరు, ఒప్పందం కాపీ. కాబట్టి అన్‌ఇన్‌స్టాల్ అన్నిటికన్నా చివర్న.

కావాల్సినవి పెద్దగా లేవు. యాప్‌లో మీరిచ్చిన మెయిల్ ఐడీ, లోన్ ఒప్పందం, దాంతోపాటు ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాలుండే కాగితం), అప్పు తీరిపోయినట్టు నో డ్యూస్ లెటర్. అప్పు ఇంకా నడుస్తుంటే ముందు అది తీర్చండి. బాకీ ఉండగా డేటా తీసేయమంటే ఎవరూ తీసేయరు, తీసేయమనడం న్యాయమూ కాదు.

మొదట ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ యాప్‌కి ఏయే పర్మిషన్లు ఉన్నాయో స్క్రీన్‌షాట్ తీసుకుని, తర్వాత అన్నీ ఆపేయండి. కాంటాక్టులు, కాల్ లాగ్, ఫైళ్ల జోలికి లోన్ యాప్ అసలు వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులోనే చెప్పింది. కెమెరా, మైక్, లొకేషన్ కూడా కేవైసీ (మీరెవరో నిర్ధారించుకోవడం) లాంటి పనికి ఒక్కసారి, అదీ మీరు ఒప్పుకుంటేనే. కాంటాక్టుల పర్మిషన్ ఆన్‌లో ఉన్న స్క్రీన్‌షాట్ దొరికిందా, దాన్ని జాగ్రత్తగా దాచుకోండి, తర్వాత బాగా పనికొస్తుంది.

రెండోది, అప్పు నిజంగా ఇచ్చిందెవరో చూడండి. యాప్ పేరు వేరు, అప్పిచ్చిన బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) వేరు. యాప్ చాలాసార్లు మధ్యవర్తే. అసలు పేరు ఒప్పందంలోనూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లోనూ ఉంటుంది, ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్ ఫోను, మెయిల్ కూడా అక్కడే ఉంటాయి. ఏ సంస్థకు ఏ యాప్‌లు ఉన్నాయో రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో జాబితా కూడా ఉంది, సరిచూసుకోండి. అసలు సంస్థ పేరే ఎక్కడా లేదంటే అది దొంగ యాప్. దానికి మెయిల్ రాస్తూ టైమ్ వేస్ట్ చేసుకోకండి. ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరించే బ్యాచ్ వీళ్లే. వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు పెట్టండి.

ఇక మెయిల్. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

"నా డేటా అంతా డిలీట్ చేయండి" అని రాశారంటే పని అక్కడే చెడిపోయినట్టే. "చట్టప్రకారం మేము రికార్డులు ఉంచాలి" అని ఒక్క లైను జవాబు వస్తుంది, అది అబద్ధం కూడా కాదు. మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద మీ కేవైసీ కాగితాలు వాళ్లు లావాదేవీ సంబంధం ముగిశాక కూడా 5 ఏళ్లు ఉంచాల్సిందే. అడగాల్సింది విడగొట్టి అడగాలి. ఇలా:

"నా లోన్ ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన పూర్తిగా తీర్చేశాను, నో డ్యూస్ లెటర్ జతచేశాను. నా డేటా వాడుకోవడానికి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంటున్నాను. నా కాంటాక్టులు, లొకేషన్, ఫోన్లోంచి తీసుకున్న ఫైళ్లు, ప్రకటనల కోసం పెట్టుకున్న నంబరు మీ దగ్గరా యాప్ దగ్గరా తీసేయండి. చట్టం కోసం ఉంచేవి ఏవో, ఏ చట్టమో, ఎప్పటివరకో రాయండి. నా వివరాలు ఇంకెవరికి ఇచ్చారో పేర్లు చెప్పండి."

అంతే. ఇంతకన్నా ఒక్క వాక్యం కూడా పెంచొద్దు. అనుమతి వెనక్కి తీసుకోవడం, డేటా తీసేయమనడం రెండూ వేర్వేరు, రెండూ రాయాలి. అప్పు తీసుకున్నవాడికి ఈ రెండు అవకాశాలూ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ లెండింగ్ నిబంధనల్లోనే ఉంది, ఆ మాట మెయిల్ సబ్జెక్ట్‌లోనే పెట్టండి.

ఇంటర్నెట్‌లో దొరికే నమూనా లేఖల్ని మాత్రం ముట్టుకోకండి. సగం వాటిలో యూరప్ డేటా చట్టం జీడీపీఆర్ ఉంటుంది, నిజామాబాద్‌లో కూర్చుని ఇక్కడి ఎన్‌బీఎఫ్‌సీకి రాసే మెయిల్‌లో దానికి పనేమిటి? మిగతా సగంలో మన 2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 12 ఉంటుంది. చట్టం మంచిదే, కాదనను. కానీ దాని రూల్స్ వచ్చింది 2025 నవంబరులో, తీసేయమని అడిగే హక్కు అమల్లోకి వచ్చేది అప్పట్నుంచి 18 నెలలకి, అంటే 2027 మే నెలలో. అమల్లోకి రాని సెక్షన్ చూపిస్తే అవతలి లీగల్ టీమ్‌కి మీకేమీ తెలియదని అర్థమైపోతుంది. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఇప్పటికే నడుస్తోంది, లైసెన్సు ఉన్నవాడికి భయమూ దానికే.

"మీ ఏఐ నన్నెందుకు రిజెక్ట్ చేసింది" అనే గొడవ కూడా ఈ మెయిల్‌లో కలపొద్దు. యూరప్‌లో 2024లో వచ్చిన ఏఐ చట్టం మనుషుల క్రెడిట్ స్కోరు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ని హై రిస్క్ జాబితాలో పెట్టింది. మన దగ్గర ఏఐకి విడిగా చట్టం లేదు, 2025 నవంబరులో కేంద్రం ఇచ్చినవి మార్గదర్శకాలు మాత్రమే. అడగాలనుంటే ఇంకో మెయిల్‌లో అడగండి. రెండూ కలిపితే రెండోదానికి పొడిగా జవాబిచ్చి మొదటిది మింగేస్తారు.

ఆధార్ కాపీ జతచేయొద్దు. డేటా తీసేయమంటూ కొత్తగా డేటా పంపడమేమిటండీ! రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచి పంపితే గుర్తింపుకి అది చాలు. చాట్‌బాట్‌లో అడగొద్దు, ఫోన్లో అడగొద్దు, మెయిలే. పైన తెలుగులో ఇచ్చినదాన్ని ఇంగ్లిష్‌లోనే రాయండి. సోమవారం పంపొద్దు, ఆ రోజు వాళ్ల ఇన్‌బాక్స్ నిండిపోయి ఉంటుంది. నోడల్ ఆఫీసర్‌కి పంపి, యాప్ వాళ్లకి కాపీ పెట్టండి.

30 రోజులు ఆగండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫీజేమీ లేదు. పంపిన మెయిల్, వచ్చిన జవాబు, ఆ పర్మిషన్ల స్క్రీన్‌షాట్ జతచేయండి. సందేహముంటే రిజర్వ్ బ్యాంక్ నంబరు 14448కి ఫోన్ చేయొచ్చు. తీసేశామని రాతపూర్వకంగా వచ్చాక, అప్పుడు యాప్ తీసేయండి.

సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోల్లో ఉన్న అప్పు చరిత్ర మాత్రం ఈ పద్ధతిలో పోదు. నిజమైన ఎంట్రీని ఎవరూ తీసేయించలేరు, డబ్బిస్తే తీసేయిస్తామనే ఏజెంట్లని నమ్మకండి. తప్పు పడితే మాత్రం మీరే సరిచేయించుకోవచ్చు. దేశంలోని నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి.