ఇండియా ఈ-వీసా ఫారం: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

డాలస్‌లో స్కూళ్లకు సెలవులు దగ్గర పడ్డాయంటే నా ఫోన్ ఊరుకోదు. "అన్నా, పాపకు ఈ-వీసా అప్లై చేస్తుంటే ఎర్రర్ వస్తోంది, ఒకసారి చూస్తావా?" ఇప్పటికి ఎన్ని కుటుంబాల ఫారాలు చూశానో లెక్క లేదు. చాలావాటిలో తప్పు సైట్‌ది కాదు. చివర్లో వచ్చే ప్రివ్యూ పేజీని పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని ఎవరూ చదవకపోవడం వల్ల వచ్చిన తప్పు. రెండు నిమిషాల పని అది. దాన్ని వదిలేసి బ్రౌజర్ మారుస్తారు, ల్యాప్‌టాప్ మారుస్తారు, రాత్రంతా టెన్షన్ పడతారు.

ఇది అమెరికా పాస్‌పోర్ట్ ఉండి ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు వీసా అవసరం లేకుండా చేసే కార్డు) ఇంకా చేయించుకోని వాళ్ల కోసం. ఓసీఐ ఉంటే ఈ తిప్పలే లేవు. నెలల పాప అయినా సరే, ఎవరి ఫారం వాళ్లదే. సైట్ అడ్రస్ చివర డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో ముందు చూసుకోండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, అవి మీ పనికి అదనంగా డబ్బు గుంజుతాయి.

ఫోటో అప్‌లోడ్ కావట్లేదు

ఫోటో జేపెగ్ అయి ఉండాలి, 10 కేబీ నుంచి 1 ఎంబీ లోపు ఉండాలి, పొడవూ వెడల్పూ సమానంగా ఉండాలి. ఫోన్‌లో తీసిన ఫోటో నలుచదరంగా ఉండదు, సైజు కూడా మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. ఐఫోన్‌లో అయితే అది జేపెగ్ కాకుండా హెచ్‌ఈఐసీ అనే వేరే రకం ఫైల్ అయి ఉండొచ్చు. ఫైల్ పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన అది జేపెగ్ అయిపోదు, కన్వర్ట్ చేయాల్సిందే. అమెరికా పాస్‌పోర్ట్ కోసం తీయించిన రెండంగుళాల ఫోటో సాఫ్ట్ కాపీ ఉంటే చాలు, అదే సరిపోతుంది.

చంటిపిల్లల విషయంలో ఒక్క మాట. తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీస్తారు కదా, అప్పుడు మీ చేతి నీడ, ఫోన్ నీడ మొహం మీద పడుతుంది. పగలు కిటికీ పక్కన పడుకోబెట్టి, వెలుతురు మీ వెనక నుంచి కాకుండా పక్క నుంచి వచ్చేలా నిలబడండి. కళ్లు తెరిచి ఉండాలి. దానికి ఓపిక తప్ప మార్గం లేదు.

పాస్‌పోర్ట్ పీడీఎఫ్ తీసుకోవట్లేదు

ఫైల్ 300 కేబీ దాటి ఉంటుంది. స్కానర్‌లో స్పష్టత (డీపీఐ) 150 పెట్టి మళ్లీ స్కాన్ చేయండి. అలాగని మరీ పిండేయకండి, మసకబారితే మళ్లీ పంపమంటారు. ఫోటో ఉన్న పేజీ అడుగున ఉండే రెండు లైన్లు అక్షరం అక్షరం చదవగలిగేలా ఉండాలి. ఆ రెండు లైన్లతో ఇంకో పని కూడా ఉంది, కింద చెబుతాను.

సగం నింపాక మొత్తం పోయింది

మొదటి పేజీ అయ్యాక స్క్రీన్ పైన టెంపరరీ అప్లికేషన్ ఐడీ కనిపిస్తుంది. అది ఉంటే ఎప్పుడైనా వెనక్కి వచ్చి ఆపిన చోటి నుంచి నింపుకోవచ్చు, లేకపోతే మొదటి నుంచీ నింపాలి. అందుకే కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇండియాలో రెఫరెన్స్ అడ్రస్, ఫోన్ నంబర్, గత పదేళ్లలో తిరిగిన దేశాలు, తల్లిదండ్రులు పుట్టిన ఊళ్లు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే మధ్యలో లేచి అత్తయ్యకు ఫోన్ చేసే పని ఉండదు.

తేదీ తీసుకోవట్లేదు, లేదా పాస్‌పోర్ట్ గడువు చాలదంటోంది, లేదా అంతా బాగానే ఉండి ఎయిర్‌పోర్ట్‌లో ఆపేశారు

చూడ్డానికి ఇవి మూడు వేర్వేరు సమస్యలు. కారణం మాత్రం ఒక్కటే. దీని దెబ్బ నేనూ తిన్నాను, అందుకే దీన్ని వివరంగా చెబుతాను.

అమెరికాలో తేదీ రాసేటప్పుడు ముందు నెల, తర్వాత రోజు. ఇక్కడికొచ్చి పదేళ్లు దాటితే స్కూల్ ఫారం, డాక్టర్ ఫారం, డ్రైవింగ్ లైసెన్స్ అన్నీ అలాగే నింపి చెయ్యి దానికే అలవాటు పడిపోతుంది. ఇండియా ఫారం అడిగేది ముందు రోజు, తర్వాత నెల. ఆ మాట పెట్టె పక్కనే రాసి ఉంటుంది. కానీ ఇరవయ్యో పెట్టె నింపే సమయానికి ఆ రాత ఎవరి కంటికీ ఆనదు.

ఇప్పుడు ఏమవుతుందో చూడండి. పాప మార్చి 25న పుట్టిందనుకుందాం. అలవాటులో 03/25 అని కొడితే 25వ నెల లేదు కాబట్టి ఫారం ఒప్పుకోదు. ఇది అదృష్టం. అయినా సైట్ పని చేయట్లేదని నాకు ఫోన్ చేస్తారు. ఇక పాస్‌పోర్ట్ గడువు ఈ ఏడాది డిసెంబర్ 3 దాకా ఉందనుకుందాం, ప్రయాణం ఏప్రిల్‌లో. చేరే తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి, మీకు ఎనిమిది నెలలుంది. కానీ మీరు 12/03 అని కొట్టారు. ఫారం దాన్ని మార్చి 12 అని చదువుతుంది, గడువు చాలదంటుంది. చేతిలో మంచి పాస్‌పోర్ట్ పెట్టుకుని రెన్యూవల్‌కు పరుగెత్తిన వాళ్లున్నారు.

అసలు ప్రమాదం మూడో రకంలో ఉంది. రోజు, నెల రెండూ 12 లోపే ఉంటే ఫారం నోరెత్తదు. మార్చి 5న పుట్టిన బిడ్డను మే 3న పుట్టినట్టు రాసుకుని ముందుకు పోతుంది. లెక్క వేసి చూడండి: ప్రతి నెలలో మొదటి 12 రోజులు, 12 నెలలకు 144 తేదీలు. అందులో 1/1, 2/2 లాంటి 12 తేదీలు ఎటు తిప్పినా ఒకటే. మిగిలిన 132 తేదీలు తిరగబడినా ఎవరికీ తెలియదు. ఏడాదిలో మూడో వంతు కంటే ఎక్కువ. పైగా ఒక ఫారంలో పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ ఇచ్చిన తేదీ, గడువు తేదీ అని ఇలాంటివి ఒకటికి మూడుంటాయి.

మా బాబు పుట్టింది నవంబర్ 6న. నా తమ్ముడి పెళ్లికి వెళ్లాలని అందరి ఫారాలూ ఒకే రాత్రి కూర్చుని నింపాను. బాబు దాంట్లో 11/06 అని కొట్టాను. వీసా వచ్చింది, ప్రింట్ తీశాను, ఫోల్డర్‌లో పెట్టాను. పేరు చూశాను, పాస్‌పోర్ట్ నంబర్ చూశాను, తేదీ చూడలేదు. ఎయిర్‌పోర్ట్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆవిడ బాబు పాస్‌పోర్ట్ స్కాన్ చేసి, కాగితం వైపు చూసి, మళ్లీ పాస్‌పోర్ట్ వైపు చూసి, "ఇందులో జూన్ 11 అని ఉందండీ" అంది. సూట్‌కేసులు అప్పటికే బెల్టు మీద ఉన్నాయి, వాటిని కిందికి దించారు. ఆ రాత్రే ఇంకో ఫారం నింపి, మళ్లీ ఫీజు కట్టి, టికెట్లు మార్చుకున్నాం. పెళ్లి ముహూర్తానికి చేరాం గానీ, తమ్ముణ్ణి పెళ్లికొడుకుని చేసిన రోజున మేం అక్కడ లేం. మా అమ్మ ఫోన్‌లో వీడియో చూపించింది.

ఇది ఇంకో దారిలో కూడా వస్తుంది. మీరు జాగ్రత్తగానే ఉంటారు, కానీ ఫారం నింపే పని హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికో ట్రావెల్ ఏజెంట్‌కో అప్పజెబుతారు. వాట్సాప్‌లో "పాప డేట్ ఆఫ్ బర్త్ 03/05/2019" అని పంపిస్తారు. మీ లెక్కలో అది మార్చి 5. అది చదివే ఆయన లెక్కలో మే 3. ఇద్దరూ కరెక్టే, వీసా మాత్రం తప్పు. తేదీని ఎప్పుడూ ఉత్త అంకెల్లో పంపకండి. "మార్చి 5, 2019" అని అక్షరాల్లో రాయండి, లేదా పాస్‌పోర్ట్ పేజీ ఫోటోనే పంపి అందులో చూసి నింపమనండి. పాస్‌పోర్ట్ మీద నెల అక్షరాల్లో ఉంటుంది కాబట్టి గందరగోళం రాదు.

సరిచూసుకునే పద్ధతి ఇది. పాస్‌పోర్ట్ అడుగున రెండు లైన్లు అన్నాను కదా, కౌంటర్ దగ్గర మెషీన్ చదివేది వాటినే. రెండో లైన్‌లో ముందు పాస్‌పోర్ట్ నంబర్, దాని తర్వాత ఒక చెక్ అంకె (ముందున్నది సరిగా చదివిందో లేదో మెషీన్ చూసుకునే అంకె), దేశం కోడ్, ఆ తర్వాత ఆరు అంకెల్లో పుట్టిన తేదీ ఉంటుంది: సంవత్సరం, నెల, రోజు. 190305 అంటే 2019 మార్చి 5. ఒక చెక్ అంకె, ఆడా మగా అన్న అక్షరం దాటాక మళ్లీ ఆరు అంకెలు గడువు తేదీ, అదే వరుసలో. ప్రివ్యూ పేజీలో ఉన్న తేదీలను వీటితో పోల్చండి. వేలు పెట్టి, పైకి చదువుతూ, వీలైతే ఫారం నింపని మనిషి చేత చదివించండి. నింపినవాళ్ల కంటికి వాళ్ల తప్పు కనపడదు.

ఇంకో చిన్న గుర్తు: పదహారేళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్ట్ 5 ఏళ్లే ఉంటుంది, మామూలుగా ఇచ్చిన తేదీకి ఒక రోజు ముందు ముగుస్తుంది. ఫారంలో ఈ రెండు తేదీల మధ్య ఆ 5 ఏళ్లకు కొన్ని నెలలు ఎక్కువో తక్కువో కనిపిస్తే ఒకటి తిరగబడినట్టే.

తప్పు ప్రివ్యూలో దొరికితే మాడిఫై నొక్కి దిద్దుకోండి, అంతే. ఫారం సబ్మిట్ అయ్యాక మాత్రం మార్చే వీలు లేదు. కొత్త ఫారం, కొత్త ఫీజు. పాత ఫీజు తిరిగి రాదు. డబ్బు పోయిందన్న బాధతో "ఎవరు చూస్తారులే" అని ఆ కాగితంతోనే బయల్దేరకండి. చూస్తారు. అందుకే వీసా చేతికొచ్చిన రోజే దాన్ని చదవండి, తప్పు ప్రయాణానికి ఎంత ముందు దొరికితే అంత మంచిది. కనీసం నాలుగు రోజుల ముందు అప్లై చేయాలన్నది నియమం.

చేరే తేదీ ఒప్పుకోవట్లేదు

పైన చెప్పింది కాకపోతే తొందరపడి ఉంటారు. 30 రోజుల టూరిస్ట్ వీసాకు ప్రయాణానికి నెలలోపే అప్లై చేయాలి. ఏడాది, 5 ఏళ్ల వీసాలకు 120 రోజుల ముందు నుంచి చేయవచ్చు.

డబ్బు కట్ అయింది, స్టేటస్ మారలేదు

దయచేసి వెంటనే ఇంకో ఫారం నింపకండి. రెండుసార్లు కట్టిన వాళ్లు ఎక్కువమంది ఇక్కడే దొరికిపోయారు. కొన్ని గంటలు ఆగి, వెరిఫై పేమెంట్ లింక్‌లో అప్లికేషన్ ఐడీ వేసి చూడండి. అసలు కట్ కాకపోతే మీ బ్యాంకే ఆపి ఉండొచ్చు. ఇండియా నుంచి వచ్చిన చార్జీ అనగానే అనుమానించి, మీరేనా అని మెసేజ్ పంపుతుంది. దానికి అవునని చెప్పి మళ్లీ కట్టండి.

మెయిల్ రాలేదు

స్పామ్‌లో ఉంటుంది. అక్కడా లేకపోతే మెయిల్ కోసం ఎదురుచూడొద్దు, సైట్‌లో స్టేటస్ చూడండి. గ్రాంటెడ్ అని ఉంటే అక్కడి నుంచే ప్రింట్ తీసుకోవచ్చు. ఫోటో మళ్లీ పంపమని అడిగి ఉంటే అదీ అక్కడే కనిపిస్తుంది. వారం రోజులు మెయిల్ కోసం చూసి, చివరికి సైట్‌లో ఆ మాట చూసి గుండె జారిన వాళ్లున్నారు.

మిగిలినవి అరుదు. ఫారంలో హైదరాబాద్ రాసి టికెట్ ఢిల్లీకి మారితే కంగారు అక్కర్లేదు, ఈ-వీసా చెల్లే విమానాశ్రయంలో దిగితే చాలు. 2014 నవంబర్‌లో ఈ పద్ధతి మొదలైనప్పటి 9 విమానాశ్రయాల్లో ఈ రెండూ ఉన్నాయి. 5 ఏళ్ల వీసా ఉండగా పాస్‌పోర్ట్ రెన్యూ అయితే పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్లండి. ఇంట్లో ఎవరికైనా బాగోలేక రేపే బయల్దేరాల్సి వస్తే ఈ ఫారం జోలికి పోకుండా నేరుగా కాన్సులేట్‌ను ఎమర్జెన్సీ వీసా అడగండి.