ఇంట్లో ఒకరు మతం పేరుతో బిగుసుకుపోతే మాట ఎక్కడ మొదలుపెట్టాలి

శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు, నడిచి కొండెక్కేవాళ్ళు, అయిదు పూటలా నమాజు చేసేవాళ్ళు, ఆదివారం చర్చి తప్పనివాళ్ళు తిరుపతిలో వీధికి పదిమంది ఉంటారు. వాళ్ళ జోలికి పోవాల్సిన పనిలేదు. భక్తి ఎంత ముదిరినా భక్తే. ఛాందసం ఎంత నమ్ముతున్నారన్న దాంట్లో కాదు, ఎలా నమ్ముతున్నారన్న దాంట్లో బయటపడుతుంది.

కెనడా మనస్తత్వవేత్తలు బాబ్ ఆల్టమేయర్, బ్రూస్ హన్స్‌బర్గర్ 1992లో దీన్ని కొలిచేందుకు 20 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. 2004లో దాన్ని 12కి కుదించారు. వాళ్ళు పట్టుకున్న గుర్తులు నాలుగు. తప్పే లేని సత్యం ఒకే బోధలో ఉందనడం. దాన్ని చెరిపే దుష్టశక్తులతో పోరాడి తీరాలనడం. పాత ఆచారం వెంట్రుకవాసి కూడా మారకూడదనడం. అలా నడుచుకునేవాళ్ళే దేవుడికి అయినవాళ్ళనడం. ఏ దేవుడన్నది ఇందులో ఎక్కడా రాదు. మీవాడి మాటల్లో ఈ నాలుగూ కలిసి వినిపిస్తుంటేనే కింద చెప్పినవి పనికొస్తాయి. ఒక్కటే వినిపిస్తుంటే, తరగాల్సింది మీ చిరాకేమో చూసుకోండి.

మొదట మాట్లాడొద్దు. ఒక కాగితం తీసుకుని తారీఖులు రాయండి. ఎప్పటినుంచి మారాడు? దానికి ముందు ఆరేడు నెలల్లో ఏం జరిగింది? ఇంట్లో చావు, డీఎస్సీ తప్పడం, బోరు ఎండి అప్పు మిగలడం, కుదిరిన పెళ్ళి చెడిపోవడం, ఇలాంటిది ఏదో ఒకటి కనిపించవచ్చు. అరీ క్రుగ్లాన్‌స్కీ అనే పరిశోధకుడు చెప్పిన లెక్క ఇది: ఏదీ తేలని స్థితిని భరించలేని మనసు ముందు దొరికిన జవాబును పట్టుకుంటుంది, పట్టుకున్నాక బిగించేస్తుంది. తొందర, అలసట, చుట్టూ రొద ఈ బిగింపును పెంచుతాయని ప్రయోగాల్లో తేలింది.

మనం చేసేదేమిటి? రాత్రి తొమ్మిదిన్నరకు డ్యూటీ దిగి వచ్చినవాణ్ణి, టీవీ మోగుతుండగా, "ఈరోజు ఏదో ఒకటి తేల్చు" అని కూర్చోబెడతాం. మూడింటినీ మనమే సమకూర్చి పెడతాం!

బాగా నిద్రపోయి లేచిన రోజు, పొద్దున ఆరింటికి, యూనివర్సిటీ గ్రౌండులోనో అలిపిరి రోడ్డులోనో అరగంట నడవండి. పక్కపక్కన నడిచేటప్పుడు కళ్ళలో కళ్ళు పెట్టి చూడక్కర్లేదు, మాట సులువుగా వస్తుంది. మీరొక్కరే వెళ్ళండి. మేనమామను, పెదనాన్నను, ఊళ్ళో పెద్దమనిషిని పిలిచి పంచాయితీ పెట్టారా, పని చెడింది. తన ఇష్టం మీద ఎవరో చెయ్యి వేస్తున్నారనిపిస్తే మనిషి దాన్నే ఇంకా గట్టిగా కోరుకుంటాడని మనస్తత్వవేత్త జాక్ బ్రెహ్మ్ 1966లోనే రాశాడు. పైగా నలుగురి ముందు ఓడినవాడు మరుసటిరోజు రెట్టింపు పంతంతో లేస్తాడు. శ్లోకానికి శ్లోకం, ఆయత్‌కు ఆయత్, వచనానికి వచనం పెట్టి వాదించడమూ అంతే. ఆ ఆటలో అతనికి రోజూ సాధన ఉంది, మీకు లేదు.

రెండో మనిషి కావాలంటే అదే మతంలో, నమ్మకం గట్టిగా ఉండి కూడా అందరితో నవ్వుతూ మసలే ఒక్కరిని వెతకండి. గుడి అయ్యవారు కావచ్చు, మసీదులో పెద్దాయన కావచ్చు, పాస్టరు కావచ్చు. మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ 1950ల్లో చేసిన ప్రయోగాల్లో గుంపంతా కళ్ళముందే తప్పు చెబుతుంటే చాలామంది ఒక్కసారైనా గుంపుతో పోయారు. ఒక్కడు విడిగా నిజం చెప్పగానే ఆ లొంగుబాటు బాగా తగ్గింది. ఆ ఒక్కడు నాస్తికుడైన బావ అయితే లాభం లేదు.

ఇక ప్రశ్న. తాగుడు మాన్పించడానికి మనస్తత్వవేత్త విలియం మిల్లర్ మొదలుపెట్టిన పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. నమ్మకం గురించి అడగకండి, బంధం గురించి అడగండి.

"నాయనా, చెల్లి పెళ్ళికి రావడం నీకెంత ముఖ్యం? పదికి ఎన్నేస్తావు?"

"మూడు, చిన్నాయనా."

ఇక్కడ "మూడేనా?" అన్నారంటే, ఎందుకు రాకూడదో పది కారణాలు చెబుతాడు. "సున్నా ఎందుకెయ్యలేదు?" అని అడగండి. "అదేం చేసింది పాపం, చిన్నప్పుడు నా వెనకే తిరిగేది" అంటాడు. తన కారణం తన నోటే వచ్చింది. వెంటనే "అయితే వస్తావు కదా" అని పట్టేసుకోకండి, వదిలేయండి. వారం తర్వాత మళ్ళీ నడవండి.

అతను తిరుగుతున్న మతం గుంపు నుంచి లాగెయ్యాలని తొందరపడకండి. అది ఇస్తున్నవేమిటో అదే కాగితం మీద రాయండి: స్నేహితులు, పని, భోజనం, నలుగురిలో పేరు, చావు భయానికి ఊరట. వీటిలో ఒకటి రెండైనా బయట దొరికేదాకా అతను కదలడు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో తన కోసం పెట్టిన సంఘాన్ని తానే రద్దుచేసి, ఎవరినీ అనుసరించొద్దన్నాడు. తర్వాత కూడా జనం ఆయన్ను గురువుగానే చూస్తూ వచ్చారు. గురువే పొమ్మన్నా అవసరం పోదు.

వేరే మతంవాళ్ళతో కలపాలన్నా పద్ధతి ఉంది. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన షరతులు: సమాన హోదా, ఒకే లక్ష్యం, కలిసి పని, పైవాళ్ళ అండ. బస్సులో పక్క సీట్లో కూర్చున్నంత మాత్రాన ఇవేవీ రావు. రక్తదాన శిబిరంలో ఇద్దరికీ ఒకే పని అప్పజెబితే వస్తాయి. గంగమ్మ జాతరలో అంబలి పోయడానికి రమ్మని మాత్రం పిలవొద్దు, అతనికది పరీక్ష పెట్టినట్టుంటుంది.

కొన్నింటికి మాటలు చాలవు. నిద్ర లేకుండా రోజులు గడపడం, దేవుడు చెవిలో ఆజ్ఞ ఇస్తున్నాడనడం, షుగరు మాత్రలు ఆపేయడం కనబడితే వెంటనే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు. ఎవరినైనా కొడతానంటే, పిల్లలను గదిలో పెట్టి తాళం వేస్తే, 112. అక్కడ చిన్నాయన నడక పనికిరాదు.